ఉంగరం జేబులో, గుండె గొంతులో

ఓర్లాండోకి ఫ్లైట్ టికెట్లు తీసేశారు. డిస్నీ వరల్డ్‌లో నాలుగు రోజులు. ఆమె లెక్కలో అది లాంగ్ వీకెండ్‌కి పెట్టుకున్న ట్రిప్పు, అంతే. మీ లెక్క వేరు. ఉంగరం ఎక్కడ కొనాలి, ఎక్కడ దాచాలి, ఎప్పుడు బయటికి తియ్యాలి, సమయానికి నోట మాట రాకపోతే ఏం చెయ్యాలి అని సరిగ్గా నిద్ర కూడా పట్టడం లేదు. ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి యూట్యూబ్‌లో ప్రపోజల్ వీడియోలు చూస్తున్నారు. అవునా, కాదా?

ముందు ఆ వీడియోలు కట్టెయ్యండి. వాటిలో కనిపించేది రెండు నిమిషాలు. దానికి ముందు సెక్యూరిటీ దగ్గర ఏం జరిగిందో, ఆ ఎండలో ఉంగరం వేలికి ఎక్కిందో లేదో, ఇక్కడ గుంటూరులో వాళ్లమ్మకి ఆ కబురు ఎవరి నోటి వెంట అందిందో ఏ వీడియోలోనూ ఉండదు. ఈ అధ్యాయం వాటి గురించే.

ఒక చిన్న మాట. అబ్బాయే అడగాలని రూలేమీ లేదు. రాయడానికి వీలుగా ఉంటుందని నేను ‘ఆమె’ అంటున్నాను. అడగబోయేది అమ్మాయైతే ‘అతను’ అని చదువుకోండి, మిగతాదంతా అదే.

ముందు ఈ ప్రశ్నకి జవాబు చెప్పండి

ఆమె ఏమంటుందో మీకు తెలుసా?

‘తెలీదు, అందుకేగా సర్‌ప్రైజ్’ అన్నారంటే ఇక్కడే ఆగండి. ఏ రోజు, ఏ చోట, ఎలాంటి ఉంగరం అన్నవి ఆమెకి తెలియకపోతే అది సర్‌ప్రైజ్. పెళ్లికి ఒప్పుకుంటుందో లేదో మీకే తెలియకపోతే అది జూదం. అదీ వేలమంది మధ్య, ఆమెకి పక్కకి తప్పుకునే సందు కూడా లేనిచోట ఆడే జూదం.

కొంతమంది ఇంకో అడుగు ముందుకేస్తారు. ‘అంతమంది చప్పట్లు కొడుతుంటే కాదనలేదులే’ అని లోపల్లోపల ఒక ధీమా. ఆ ఆలోచన మీకు ఏ మూలనైనా ఉంటే ఉంగరం తిరిగి ఇచ్చెయ్యండి. జనం ముందు మొహమాటానికి తలూపిన మనిషి హోటల్ గదికి వచ్చాక ఏమంటుందో ఊహించండి. ట్రిప్పులో ఇంకా మూడు రోజులున్నాయి, గది ఒకటే.

మరి ఎలా తెలుస్తుంది? పెళ్లి మాట మీ మధ్య సూటిగా ఒక్కసారైనా వచ్చి ఉండాలి. పెళ్లయ్యాక ఎక్కడ ఉంటాం, ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన ఉందా, రెండు వైపులా అమ్మానాన్నల్ని ఎలా చూసుకుంటాం అని మాట్లాడుకుని ఉండాలి. డబ్బు సంగతీ వచ్చి ఉండాలి. మీ ఎడ్యుకేషన్ లోను ఎంత మిగిలింది, ఆమె నెలనెలా ఇంటికి ఎంత పంపుతుంది, చెల్లెలి పెళ్లి బాధ్యత ఎవరిది. ఇవన్నీ తేలిపోనక్కర్లేదు. మాటల్లోకి వచ్చి ఉంటే చాలు. ఏదీ రాలేదా? అయితే ఈ ట్రిప్పుకి ఊరికే వెళ్లి రండి. రైడ్లెక్కండి, పాప్‌కార్న్ తినండి. క్యూలో నిలబడే గంటలు ఎలాగూ బోలెడుంటాయి, ఈ మాటలు అక్కడ మాట్లాడుకోండి.

ఆమె స్వభావం కూడా చూడాలి. పుట్టినరోజున రెస్టారెంట్ వాళ్లు కేకు పట్టుకొచ్చి పాడితే మొహం కప్పుకునే మనిషా? అయితే కోట ముందు జనం మధ్య మోకాలి మీద కూర్చోవడం ఆమె కల అయ్యుండదు. మీ కల అయ్యుంటుంది.

ఇంట్లోవాళ్ల సంగతి

ఆ వీడియోల్లో అమ్మాయి అవునంటే కథ అయిపోతుంది. మనకి అక్కణ్నుంచే మొదలవుతుంది. గోత్రం, జాతకం, కులం, పెద్దమ్మగారి అభ్యంతరం. వీటిని మీరు పట్టించుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం. పట్టించుకునేవాళ్లు రెండు ఇళ్లలో ఎవరెవరున్నారో మాత్రం ఉంగరం కొనకముందే తెలిసి ఉండాలి. ఇద్దరిదీ ఒకే గోత్రమని ఉంగరం తొడిగిన మర్నాడు బయటపడితే ఆ ఫోన్లన్నీ ఎవరెత్తుతారు?

ఇలాంటి సందర్భం ఒకటి ఊహించుకోండి. మే నెలలో అబ్బాయి అమ్మానాన్నలు డాలస్ వచ్చారు. నయాగరా చూపించడం అయిపోయింది, ఓర్లాండో మిగిలింది. అమ్మాయి కూడా కలిసి వెళ్లింది. కోట ముందు, తన తల్లిదండ్రుల ఎదురుగా అబ్బాయి అడిగేశాడు. కన్నీళ్లు, కౌగిలింతలు, అరవై ఫోటోలు. రాత్రి అమ్మాయి ఇంటికి ఫోన్ చేస్తే అటునుంచి వాళ్లమ్మ అడిగిన మొదటి మాట, ‘అయితే వాళ్లందరూ ఉన్నారన్నమాట అక్కడ?’ ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు.

ఆవిడది చిన్నబుద్ధి అనకండి. ఒక వైపు పెద్దలు ఎదురుగా ఉండి, రెండో వైపువాళ్లు వాట్సాప్‌లో ఫోటో చూసి తెలుసుకుంటే ఎవరికైనా మనసు కష్టపెట్టుకోవాలనే ఉంటుంది. అందుకే నా లెక్కలో దారులు రెండే. రెండు వైపులవాళ్లూ ఉండాలి, లేకపోతే ఎవరూ ఉండకూడదు. ఎవరూ ఉండకపోవడమే మేలు. పెద్దల్ని తీసుకెళ్లిన ట్రిప్పైతే ఆ ఒక్క గంటకి వాళ్లని హోటల్లో కాఫీ తాగమని చెప్పి మీరిద్దరే బయల్దేరండి.

ట్రిప్పుకి ముందు ఆమె నాన్నగారితో మాట్లాడితే మంచిది. అనుమతి అడిగినట్టే ఉండక్కర్లేదు. ‘అంకుల్, వచ్చే నెల మేం ఓర్లాండో వెళ్తున్నాం. అక్కడ తనని అడుగుదామనుకుంటున్నాను. మీకూ ఆంటీకీ ముందు చెప్పాలనిపించింది’ అంటే సరిపోతుంది. తారీఖు, చోటు మాత్రం చెప్పకండి. ఆయన ఆంటీకి చెబుతారు, ఆంటీ పిన్నికి చెబుతుంది, సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూపులో ‘ముందస్తు శుభాకాంక్షలు’ అని పూలగుత్తి బొమ్మ వస్తుంది. ఆ గ్రూపులో ఆమె కూడా ఉందన్న సంగతి బాబాయికి గుర్తుండదు.

ఇంకోటి, జూలై 4 సెలవులు తరచుగా ఆషాఢంలో పడతాయి. ఆ నెల పట్టింపు ఉన్న ఇల్లయితే ఒక మాట ముందే అనెయ్యండి: ‘ఇది మేమిద్దరం మాట్లాడుకోవడమే, నిశ్చితార్థం శ్రావణంలో మీరు పెట్టిన ముహూర్తానికే.’ సగం గొడవలు ఆ ఒక్క వాక్యంతో పోతాయి.

ఇక పనిలోకి దిగుదాం

1. ఉంగరం సైజు మిల్లీమీటర్లలో తెలుసుకోండి. ఆమె ఇంట్లో తీసి పెట్టే ఉంగరం ఒకటి దొరకబుచ్చుకుని లోపలి వ్యాసం కొలవండి. అమెరికా సైజు 6 అంటే సుమారు 16.5 మిల్లీమీటర్లు. మన షాపుల నంబర్లు వేరు. అమ్మ ఇక్కడ విజయవాడలో చేయిస్తానంటే ‘ఆరో నంబరు’ అని చెప్పారనుకోండి, చిన్నపిల్లల ఉంగరం వస్తుంది. మిల్లీమీటర్లయితే ఎక్కడైనా ఒకటే. ఆ ఉంగరం ఆమె ఏ వేలికి పెట్టుకుంటుందో కూడా గమనించండి, చూపుడు వేలిది ఉంగరం వేలికి వదులవుతుంది. రోజంతా ఎండలో నడిస్తే వేళ్లు ఉబ్బుతాయన్నది ఇంకో మెలిక. చలికాలంలో కొలిచి ఆగస్టులో సాయంత్రం తొడగబోతే కణుపు దగ్గర ఆగిపోతుంది. బలవంతంగా తోయకండి. ‘రాత్రికి పెట్టుకుందువులే’ అని నవ్వెయ్యండి.

2. ప్రయాణంలో ఉంగరం మీ చేతి బ్యాగులోనే ఉండాలి. చెకిన్ సామానులో ఎప్పుడూ వెయ్యకండి. ఎయిర్‌పోర్టులో జేబులో కాకుండా బ్యాగు లోపలి పౌచ్‌లో పెడితే మెషీన్‌లోంచి మామూలుగా వెళ్లిపోతుంది. ఒకవేళ ఆపి తెరుస్తామంటే పక్కకి తీసుకెళ్లి చూడమని అడగవచ్చు. కొన్న రోజే ఇన్సూరెన్స్ చేయించండి.

పార్కు గేటు దగ్గరా సెక్యూరిటీ ఉంటుంది. ప్రతి ఒక్కరినీ ఆపరు. ఆపితే మాత్రం బ్యాగు బల్ల మీద పెట్టి తెరుస్తారు. ఆమె మీ భుజం పక్కనే నిలబడి ఉంటే? అందుకే ఇద్దరూ వేర్వేరు లైన్లలో వెళ్లండి. ‘ఆ లైను చిన్నగా ఉంది, నువ్వటు వెళ్లు’ అంటే ఎవరికీ అనుమానం రాదు. ఫోన్లో ముందే ఇంగ్లీషులో ఒక ముక్క టైపు చేసి పెట్టుకోండి, బ్యాగులో ఉంగరం ఉంది, ఆమెకి తెలియదు అని. గార్డుకి ఫోన్ చూపిస్తే చాలు. 1991 నుంచీ పెళ్లిళ్లు చేయించడానికి ప్రత్యేకంగా ఒక విభాగమే నడుపుతున్న సంస్థ అది. అక్కడివాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

లోపలికి వెళ్లాక అసలు ప్రమాదం రైడ్లది. స్పేస్ మౌంటెన్ చీకట్లో పరుగెత్తే రోలర్ కోస్టర్. అక్కడ జేబులోంచి జారింది వెంటనే వెతుక్కునే వీలుండదు. ట్రాన్ రైడ్‌కి చేతిలో, జేబులో వదులుగా ఉన్నవన్నీ లాకర్లో పెట్టమంటారు. యానిమల్ కింగ్‌డమ్‌లో కాళీ రివర్ రాపిడ్స్ అని తెప్ప రైడ్ ఒకటుంది, పేరుకి తగ్గట్టే నిలువునా తడిపి వదులుతుంది. జిప్పున్న లోపలి జేబు తప్పనిసరి. డబ్బా వద్దు, జేబు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. చిన్న గుడ్డసంచి చాలు. ఇంత టెన్షన్ ఎందుకనుకుంటే ఇంకో ఉపాయం ఉంది. అసలు ఉంగరాన్ని హోటల్ గది లాకర్లో వదిలేసి, పార్కులో పాతిక డాలర్ల ఉంగరంతో అడగండి. అసలుది రాత్రి భోజనం దగ్గర తొడగండి. ‘ఇది నకిలీ, మనసు మాత్రం అసలైనది’ లాంటి డైలాగు చెప్పకుండా ఉంటే ఇంకా మంచిది.

3. మొదటి రోజు వద్దు, చివరి రోజు అసలే వద్దు. వచ్చిన రోజు ప్రయాణం బడలిక ఉంటుంది. చివరి రోజుకి దాచారా, నాలుగు రోజులూ మీరు మనిషిలా ఉండరు. మాటిమాటికీ జేబు తడుముకుంటారు, రైడ్ ఎక్కనంటారు, అన్నం సరిగ్గా తినరు. ఆమె ‘ఏమైంది నీకు, ఆఫీసులో ఏమన్నా గొడవా?’ అని అడుగుతుంది. రెండో రోజు పొద్దున పెట్టుకోండి. ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ పండగే.

పొద్దునే ఎందుకు? అందరూ రాత్రి బాణసంచా వేళనే ఎంచుకుంటారు. కోట వెనక ఆకాశం వెలుగుతుంటే అడగాలని. చెవులు చిల్లులు పడే మ్యూజిక్‌లో మీరన్న మాట ఆమెకి వినబడదు. భుజానికి భుజం తగిలే జనంలో మోకాలి మీద కూర్చోవడానికి చోటుండదు. పక్కన మూడేళ్ల పిల్లాడు నిద్రకి ఏడుస్తుంటాడు. అప్పటికి మీరిద్దరూ పది కిలోమీటర్లు నడిచి ఉంటారు, ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని ఉంటుంది. పైగా వాన పడితే బాణసంచా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రద్దవుతుంది. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు మామూలే. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం. పొద్దున వెలుతురు బాగుంటుంది, మొహాలు తాజాగా ఉంటాయి. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లని మిగతావాళ్లకంటే అరగంట ముందు లోపలికి వదులుతారు. ఆ అరగంటలో అందరూ పెద్ద రైడ్ల వైపు పరుగెడతారు. మీరు మాత్రం తీరిగ్గా నడవండి.

4. చోటు ముందే చూసి పెట్టుకోండి. డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు, నాలుగు. అక్టోబర్ 1, 1971న తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ మొదటిది. 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. 189 అడుగుల సిండ్రెల్లా కోట మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఉంది. రద్దీ రోజుల్లో ఒక మనిషికి ఒక్క రోజు టికెట్టే 150 డాలర్లు దాటుతుంది. కాబట్టి ‘అక్కడికెళ్లాక చూద్దాం’ అనుకుని నాలుగు పార్కులూ తిరగడం ఖరీదైన పద్ధతి.

కోటకి ఎదురుగా నిలబడడం అందరూ చేసేదే. కోటకీ టుమారోల్యాండ్‌కీ మధ్య గులాబీ తోట ఉంది, కోట పక్కవాటుగా అందంగా కనబడుతుంది, జనం తక్కువ. ఆ దారిలోనే చిన్న కోరికల బావి ఒకటుంది. రపంజెల్ బురుజు, చెట్ల మధ్య వేలాడే లాంతర్లు ఉన్న మూల కూడా ఫోటోల్లో మనోహరంగా ఉంటుంది. అది నిజానికి టాయిలెట్ల ఆవరణ. ఏళ్ల తర్వాత పిల్లలు ‘అమ్మని ఎక్కడ అడిగావు నాన్నా?’ అంటే చెప్పగలనంటే సరే, వెళ్లండి.

జంతువులంటే ప్రాణం పెట్టే మనిషైతే యానిమల్ కింగ్‌డమ్‌కి వెళ్లండి, అక్కడ ఆసియా భాగంలో ఆనందపూర్ అని ఒక కల్పిత ఊరు కట్టారు. పాడుబడ్డ కోట గోడలు, పులులు తిరిగే చోటు, మర్రి వేళ్లు. మనవాళ్లకి ఇంటి గాలి తగిలినట్టుంటుంది. జనం అంటేనే బెదిరే మనిషైతే పార్కే వద్దు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఎదురుగా చెరువు ఒడ్డున పాలినీషియన్ హోటల్ ఉంది. ఆ ఇసుక ఒడ్డు నుంచి నీళ్ల మీదుగా కోట, రాత్రిపూట బాణసంచా కనిపిస్తాయి. తోపులాట ఉండదు. నన్నడిగితే చాలామందికి అన్నిట్లోకీ ఇదే మంచి చోటు.

ఏది ఎంచుకున్నా రెండోది ఒకటి మనసులో ఉంచుకోండి. వాన వచ్చింది, లేదా సరిగ్గా అక్కడే ఊరేగింపు కోసం తాడు కట్టేశారు, అప్పుడు ఎక్కడ?

5. ఫోటోగ్రాఫర్ని పట్టుకోండి, డ్రోన్ని మరచిపోండి. కోట చుట్టుపక్కల డిస్నీవాళ్ల ఫోటోపాస్ ఫోటోగ్రాఫర్లు నిలబడి ఉంటారు. వాళ్లకీ ఫోన్లో టైపు చేసిన ముక్కే చూపించండి, ‘ఇప్పుడు అడగబోతున్నాను, ఆపకుండా తీస్తూ ఉండండి’ అని. ఆమె దృష్టిలో మీరు మామూలు ఫోటో కోసం లైన్లో నిలబడ్డారు. ‘ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోండి’ అని ఫోటోగ్రాఫర్ అన్నప్పుడు మీరు కిందికి దిగండి. స్నేహితుణ్ని పొద వెనక దాచి తీయించడం కంటే ఇది వంద రెట్లు నయం. స్నేహితుడు తీసిన వీడియోలో సగంసేపు అతని వేలే కనిపిస్తుంది.

డ్రోన్ ఎగరేస్తానని ఎవరైనా అంటే వద్దనండి. ఆ పార్కుల మీద 2003 నుంచీ గగనతల ఆంక్షలున్నాయి. సెల్ఫీ స్టిక్ కూడా 2015 నుంచి నిషేధం.

6. మీ ఫోనే మిమ్మల్ని పట్టివ్వకుండా చూసుకోండి. డిస్నీ యాప్‌లో ఇద్దరి ఖాతాలూ కలిపి ఉంటాయి కదా? మీరు బుక్ చేసిన టేబుల్ ఆమె ఫోన్లోనూ కనిపిస్తుంది. ప్రత్యేకంగా ఏదైనా ఏర్పాటు చేస్తే అది వేరే ఈమెయిల్‌తో చెయ్యండి. హోటల్ బుక్ చేసేటప్పుడు ‘ఎంగేజ్‌మెంట్ ట్రిప్’ అని సంబరంగా రాశారా? చెకిన్ కౌంటర్లో ఆ మహాతల్లి చిరునవ్వుతో ‘కంగ్రాచ్యులేషన్స్’ అంటుంది, ఆమె మీ వైపు తిరుగుతుంది. ఆ వేడుక మాట అడిగిన తర్వాతే చెప్పండి. అప్పుడు గెస్ట్ రిలేషన్స్‌కి వెళ్తే సంబరాల బ్యాడ్జీలు ఉచితంగా ఇస్తారు. ఛాతీ మీద పెట్టుకుని తిరిగితే దారిన పోయేవాళ్లంతా అభినందిస్తారు. సిగ్గుపడే మనిషైతే అదీ అడిగి పెట్టండి.

7. భోజనం టేబుల్ 60 రోజుల ముందు. డిస్నీ రెస్టారెంట్ల బుకింగు అప్పుడు తెరుచుకుంటుంది, మంచివి త్వరగా అయిపోతాయి. కోట లోపలే ఒక రెస్టారెంటుంది గానీ అక్కడ రాకుమారిలా ముస్తాబైన చిన్నపిల్లల సందడే ఎక్కువ. అడగడానికి అది చోటు కాదు. కాంటెంపరరీ హోటల్ 15వ అంతస్తులో కాలిఫోర్నియా గ్రిల్ నుంచి బాణసంచా కనబడుతుంది, ఉంగరం తొడిగిన రోజు రాత్రి భోజనానికి బాగుంటుంది. మన రుచి కావాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా ఉంది. రొట్టెలతో రకరకాల చట్నీలు, ఊరగాయలు ఇస్తారు, అద్దాల అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి. పెద్దవాళ్లని హోటల్లో కూర్చోబెట్టి వచ్చి ఉంటే, మధ్యాహ్నం అక్కడికి తీసుకెళ్లి కబురు చెప్పండి.

ఉంగరాన్ని కేకులో, ఐస్‌క్రీమ్‌లో, గ్లాసులో పెట్టించే ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకోండి. మింగితే అత్యవసర విభాగంలో నిశ్చితార్థం.

8. చెప్పే మాట మూడు వాక్యాలకి మించొద్దు. మీరిద్దరూ దెబ్బలాడుకునేటప్పుడు ఏ భాషలోకి వెళ్తారో ఆ భాషలో అడగండి. తెలుగైతే తెలుగు. సినిమా డైలాగు వద్దు, కవిత్వం వద్దు, పరిచయమైన రోజు నుంచి నేటిదాకా చరిత్ర అసలే వద్దు. ఆమెకే తెలిసిన చిన్న సంగతి ఒకటి చెప్పండి. ‘నాకు జ్వరం వచ్చినప్పుడు రాత్రి పదకొండింటికి చారు పెట్టి తెచ్చావు చూడు, ఆ రోజే అనుకున్నాను. మీ నాన్నగారితో మాట్లాడాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?’ అయిపోయింది. గొంతు పూడుకుపోతే చివరి వాక్యం ఒక్కటే చెప్పండి. జవాబు రాకముందే ఉంగరం తొడగకండి. ఆమె ఏడుస్తుంది, నవ్వుతుంది, ‘పిచ్చోడా’ అంటుంది. అవన్నీ అవును కాదు. అవును అనే దాకా ఆగండి.

9. ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలో వరస రాసుకోండి. ఇన్‌స్టాలో పెట్టడానికి ముందు రెండు ఫోన్లు. మొదట ఆమె ఇంటికి, తర్వాత మీ ఇంటికి. వేళ లెక్క చూసుకోండి. మార్చి నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకీ ఓర్లాండోకీ తొమ్మిదిన్నర గంటల తేడా, మిగతా నెలల్లో పదిన్నర. వేసవిలో అక్కడ పొద్దున తొమ్మిదికి అడిగితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. అందరూ ఇంట్లో ఉంటారు, దీపం పెట్టే వేళ. అదే మధ్యాహ్నం మూడింటికి అడిగారా, ఇక్కడ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఆ టైములో అమెరికా నుంచి ఫోన్ మోగితే పెద్దవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. పొద్దున అడగమనడానికి ఇదీ ఒక కారణం. యాప్ వాడీ వాడీ ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, పవర్ బ్యాంకు తీసుకెళ్లండి.

అతి చేస్తే

రాకుమారుడి వేషం వేసుకుని వెళ్తానని ఒకాయన. 14 ఏళ్లు దాటినవాళ్లని వేషాలతో పార్కులోకి రానివ్వరు. గుండె ఆకారం బెలూన్ల గుత్తితో యానిమల్ కింగ్‌డమ్‌కి వెళ్తానని ఇంకొకాయన. జంతువులు మింగుతాయని అక్కడ బెలూన్లు అనుమతించరు. షాంపేన్ సీసా బ్యాగులో పెట్టుకుని బయల్దేరితే అది గేటు దగ్గరే ఆగిపోతుంది.

వేదికలెక్కడం, తాడు దాటడం కూడా వద్దు. 2022లో డిస్నీల్యాండ్ పారిస్‌లో కోట ముందు మెట్లవేదిక మీద ఒకాయన మోకాలి మీద కూర్చుని ఉంగరం చాపాడు. ఉద్యోగి ఒకతను పరుగెత్తుకొచ్చి ఆ డబ్బా లాక్కుని, ఇద్దరినీ కిందికి దిగమని చెయ్యి చూపించాడు. వీడియో ప్రపంచమంతా చుట్టింది, సంస్థ ఆ జంటకి క్షమాపణ చెప్పింది. తప్పు ఉద్యోగిదే అని అందరూ తీర్పిచ్చారు, నాకూ అలాగే అనిపించింది. కానీ క్షమాపణ వచ్చినంత మాత్రాన ఆ నిమిషం తిరిగొస్తుందా? కాస్త ఎత్తుగా, ఖాళీగా కనిపించే చోటేదైనా ఉంటే అక్కడ నిలబడవచ్చా అని పక్కనున్న ఉద్యోగిని ముందే అడగండి. ఒక్క ప్రశ్నతో పోయేదానికి అంత రిస్కు ఎందుకు?

అమెరికా దాకా వెళ్లే వీలు లేనివాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. హైదరాబాద్ దగ్గర 1,666 ఎకరాల రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది, లోపలే తార, సితార హోటళ్లున్నాయి. సినిమాల్లో చూసిన తోటలోనే అడగొచ్చు. రావిర్యాలలో వండర్‌లా ఉంది గానీ అక్కడ సగం సంబరం నీళ్లలోనే. తడిబట్టలతో, లాకర్ తాళంచెవి చేతికి కట్టుకుని ప్రపోజ్ చేయడం నాకైతే రుచించదు. ఎక్కడైనా పైన చెప్పిన లెక్కలే. ఉంగరం సైజు, రెండో చోటు, ఫోన్ల వరస. వేళ తేడా లెక్క ఒక్కటే ఉండదు.

ఇంత చేసినా ఆమె ‘నాకు కొంచెం టైము కావాలి’ అంటే? మోకాలి మీంచి లేవండి. ‘సరే, తొందరేం లేదు’ అనండి. ఉంగరం జేబులో పెట్టేసి కాఫీ తాగుదాం పద అనండి. కారణం అక్కడే అడగకండి, ఆ రోజు ఎవరికీ ఫోన్ చెయ్యకండి, ఫోటోగ్రాఫర్‌కి థాంక్స్ చెప్పి ముందుకి నడవండి. టైము అడిగిన మనిషి పక్కన మిగిలిన రోజులన్నీ మూతి ముడుచుకుని తిరిగితే ఆమెకి అవసరమైన జవాబు మీరే ఇచ్చినట్టవుతుంది.

పుస్తకం ఇక్కడ మూసి, ఆమె డ్రాయర్లో ఉన్న ఉంగరం ఈ రాత్రే కొలవండి. రెస్టారెంట్ బుకింగ్ తెరుచుకునే తారీఖు లెక్కేసి క్యాలెండర్లో పెట్టుకోండి, ఇద్దరూ చూసే క్యాలెండర్లో మాత్రం కాదు.